పడవ అలికిడి – చేప చెవి

మా చిలకలూరిపేట పత్తికీ, మిరపకూ పెట్టింది పేరు. సముద్రం చూడాలంటే చీరాల దాటి ఓడరేవుకు పోవలసిందే. ఉద్యోగంలో ఉన్న రోజులలో ఒకసారి పిల్లలను అక్కడికి తీసుకొని వెళ్ళాను. వాళ్ళ అల్లరికి నేను కోప్పడుతుంటే ఒక వృద్ధ మత్స్యకారుడు నవ్వి, "ఇక్కడ ఎంత అరిచినా పర్లేదు పంతులుగారూ, లోపల తెప్పకు తెడ్డు తగిలితే మాత్రం చేప వింటది" అన్నాడు. అప్పుడది నాకు చమత్కారంగా తోచింది. అక్షరాలా సత్యమని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మన తీరపు చేపలను గ్రంథస్థం చేసినవారిలో ప్రముఖుడు పాట్రిక్ రసెల్. ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడైన ఈయన విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపలను వర్ణించి, బొమ్మలతో 1803లో లండనులో ప్రకటించాడు. వాటికి మనవాళ్ళు పిలిచే పేర్లను కూడా చేర్చాడు. అందులోని 'కనగుర్త'ను 1816లో కువియే శాస్త్రనామంగా స్వీకరించాడు. నేడు మనం కానాగంత అనే చేప ప్రపంచమంతటా ఆ తెలుగు పేరుతోనే చలామణి అవుతున్నది. పేరు అలా పుస్తకానికి ఎక్కింది. పడవను చూసి ఆ చేప ఏం చేస్తుందన్న ఎరుక మాత్రం తెప్పల మీదనే ఉండిపోయింది.

చేపకు బయటికి చెవి కనబడదు గాని, తల లోపల చెవిరాళ్ళు ఉంటాయి. ఒంటి పక్కన ఉండే పార్శ్వరేఖ నీటి కదలికను పసిగడుతుంది. కవళ్ళ జాతిలో గాలితిత్తి చెవికే అనుసంధానమై ఉంటుంది కనుక వాటి వినికిడి మరీ సూక్ష్మం. పడవ దగ్గరయ్యే కొద్దీ గుంపు దాని దారి నుండి పక్కకు తొలగుతుంది, లేదా తల వంచి లోతుకు దిగుతుంది.

ఇరవయ్యవ శతాబ్ది ద్వితీయార్ధంలో మన తీరానికి మరపడవలు వచ్చాయి. పైనీటిలో వల వేసేవాడికి చేప లోతుకు దిగడం నష్టం. సముద్రపు అడుగున వల ఈడ్చేవాడికి అదే ఒక్కొక్కప్పుడు లాభం. చేప భయం ఒక్కటే. దాని ఫలం మాత్రం పడవను బట్టి మారింది.

ఈ భయం శాస్త్రజ్ఞులనూ చిక్కున పెట్టింది. ధ్వనిని నీటిలోకి పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనితో చేపల రాశిని అంచనా వేస్తారు. చేప తల వంచితే ప్రతిధ్వని తగ్గుతుంది, లెక్క తప్పుతుంది. అందుకే 1995లో అంతర్జాతీయ సముద్ర పరిశోధన మండలి నివేదిక పరిశోధక నౌకల చప్పుడుకు హద్దు సూచించింది. ఆ ప్రకారం నార్వేవారు 'జి.ఓ. సార్స్' అనే నిశ్శబ్ద నౌకను కట్టారు. 2007లో వెలువడిన పరిశోధనలో విచిత్రం బయటపడింది: హెర్రింగు చేపలు పాత నౌక కంటే ఈ నిశ్శబ్ద నౌకకే ఎక్కువగా బెదిరాయి! మన కొలమానానికి అందిన చప్పుడు ఒకటి, చేపకు అందిన కదలిక మరొకటి కావచ్చునన్నమాట.

ఆ వృద్ధుని పేరైనా అడగకుండా వచ్చాను. పాఠం చెప్పేవాణ్ణి నేనే అనుకున్నాను మరి. తీరప్రాంతపు మిత్రులు తమ పెద్దల నోట ఇటువంటి మాటలు విని ఉంటే, అవి మరుగున పడకముందే వ్రాసి ఉంచవలసిందిగా నా మనవి.