ప్లేట్లకూ ఒక రిజిస్టరు

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. ఆఫీసు సంగతులు రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను మా ఇంట్లోని గ్రామఫోను రికార్డుల గురించి రాస్తాను.

మన దేశంలో అమ్మకం కోసం పాటలు రికార్డు చేయడం 1902లో కలకత్తాలో మొదలైంది. అప్పటి ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక వైపు మూడు నిమిషాల పాట పట్టేది. నాటక పద్యమైతే రాగం తీసేసరికే ముల్లు చివరికి వచ్చేది. 1948లో అమెరికాలో ఎల్.పి. వచ్చాక వైపుకు ఇరవై నిమిషాలు దాటింది.

మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో సొంత గ్రామఫోను ఉన్న ఇండ్లు ఎన్ని? మనకు పాట వినిపించినవాడు మైకు సెట్టు అతను. పెండ్లికో జాతరకో వచ్చి వేపచెట్టుకు హారన్ కట్టేవాడు. 1980ల్లో క్యాసెట్లు రాగానే ఆ షాపుల వాళ్లే రికార్డులను మూటగట్టి అమ్మేశారు. నేను గుమాస్తాగా ఏ ఊరికి బదిలీ అయినా ముందు ఆ షాపు వెతికేవాణ్ణి. రూపాయికి, రెండు రూపాయలకు ఇచ్చేవారు. హైదరాబాదు జుమేరాత్ బజారుకైతే సెలవు పెట్టి వెళ్లేవాణ్ణి. సెలవు చీటీలో కారణం వేరే రాశాననుకోండి!

మొదట సినిమా పేర్ల వరుసలో పెట్టాను. కొత్తది వచ్చినప్పుడల్లా అన్నీ జరపాల్సి వచ్చేది. నాటక పద్యాలను, ఖవ్వాలీలను ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. చివరకు మన ఇన్‌వర్డ్ రిజిస్టరు పద్ధతే పట్టాను. వచ్చిన వరుసలో నంబరు వేసి, నిలువుగా నిలబెట్టాలి. ఒకదానిమీద ఒకటి పేరిస్తే వంకరపోతాయి. గాయకుల పేర్లకు, సినిమాలకు, నాటకాలకు వేర్వేరు కార్డులు. లేబులు చెదలు తిన్నా, దాని పక్కన ప్లేటు మీదే అచ్చొత్తిన నంబరు ఉంటుంది. అదీ రాసుకోవాలి.

ఒకసారి దుమ్ము పోవాలని పాత ప్లేటును స్పిరిటుతో తుడిచాను. గీతలు కరిగిపోయాయి. వడ్రంగులు పాలిష్‌కు స్పిరిటులో కరిగించే చపడాతోనే ఆ ప్లేట్లు చేసేవారని తర్వాత తెలిసింది.

వి.ఎ.కె. రంగారావు గారు మద్రాసులో నలభై వేలకు పైగా రికార్డులు సేకరించి లిమ్కా పుస్తకానికెక్కారు. నావి వెయ్యికి కాస్త పైన, అంతే. అందులో కోస్తా నటుల పద్యాలున్నాయి, ఉర్దూ ఖవ్వాలీలున్నాయి, ఘంటసాల గారున్నారు. మన జిల్లాల పల్లెపాట ఒక్కటీ లేదు. మన సుద్దాల హనుమంతు గారి పాటలు నోటినోటా తిరిగాయి. నాకు దొరికిన ఏ ప్లేటు మీదా అవి లేవు.

అయితే మైకు సెట్టు వాళ్లు అట్ట కవర్ల మీద పెన్సిలుతో ఊరి పేరు, పెండ్లి తేదీ, అద్దె బాకీ రాసుకునేవారు. రిజిస్టరులో ‘రిమార్కులు’ కాలమ్ పూర్తిగా దానికే కేటాయించాను. ఏ ఊళ్లో ఏ ఏడు ఏ పాట మోగిందో అందులో ఉంది.

మొన్న మా అబ్బాయి ఒక కొనుగోలుదారుణ్ణి తీసుకొచ్చాడు. మంచి ధరే చెప్పాడు. “ఈ చిరిగిన కవర్లు మాకొద్దండీ, పారేస్తాం” అన్నాడు. టీ ఇచ్చి పంపించేశాను. అబ్బాయికి ఇంకా కోపంగానే ఉంది.

మీ ఇండ్లలో అటక మీద ఇలాంటివేమైనా ఉంటే, ప్లేటు పగిలిపోయినా సరే, కవరు నాకు చూపించండి. రాసుకొని తిరిగి ఇచ్చేస్తాను.