రెండెడ్ల కారు

పాత హైబ్రిడ్ కారును అమ్మివేసి కొత్త తరం బండిని నవీపేటకు తెచ్చిన రోజున బాపు అడిగిన మొదటి ప్రశ్న: “ఇది గూడ రెండెడ్ల బండేనారా?”

ఆ పోలిక నాకు ఎంతో నచ్చింది. 2008లో మన దేశానికి వచ్చిన హోండా సివిక్ హైబ్రిడ్‌లో భారమంతా పెట్రోలు ఇంజనుదే. విద్యుత్ మోటారు పక్కన కట్టిన కోడెదూడ వంటిది. ధర ఇరవై ఒక్క లక్షల పైచిలుకు. కొనేవారు కరవై ఆ యేడాదే ఎనిమిది లక్షలు తగ్గించారు. నాబోటివాడికి అది దక్కింది అందువల్లనే. 2022 నవంబరులో వెలువడిన టయోటా ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లో మోటారు ఒక్కటే బండిని కదిలించగలదు. దూడ ఎద్దయింది! (చిత్రమేమంటే, బ్యాటరీ మాత్రం రెండింటిలోనూ నికెల్ మెటల్ హైడ్రైడే.)

2023 ఆగస్టు 29న ఢిల్లీలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ, ఇథనాలుతో నడిచే హైక్రాస్ నమూనాను ఆవిష్కరించారు. చెరకు రసం నుండీ, మొలాసిస్ నుండీ తీసే మద్యసారమే ఇథనాలు. ఆ సంగతి బాపుకు చెప్పాను.

ఆయన ఎడ్లబండి మీద చెరకు తోలిన బోధన్ నిజాం చక్కెర కర్మాగారం 1937లో ఏర్పడింది. 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో మూతపడింది.

“కారు చెరుకు తాగుతదంటున్నవు, మంచిదే. చెరుకేది బిడ్డా?” అన్నాడు.

మొన్న ఆయనను ఎక్కించుకొని శక్కర్‌నగర్ వెళ్ళాను. కర్మాగారం దగ్గర వేగం తగ్గించగానే ఇంజను ఆగి, బండి మోటారు మీద చప్పుడు లేకుండా సాగింది. మొలాసిస్ వాసన కోసం కాబోలు, బాపు అద్దం దించాడు.