అప్పగింతతో ముగియని పని

ఊరి చరిత్రకు సంబంధించిన కాగితాలను ఒక కుటుంబం గ్రంథాలయానికో మ్యూజియానికో ఇచ్చేస్తే, ఇక అవి భద్రమేనని అనుకుంటాం. శాలువా కప్పి, ఫోటో దిగి, కట్టలను బీరువాలో పెట్టి తాళం వేస్తాం. తెలుగునాట పేరుపొందిన ఒక పెద్ద సొంత సేకరణకు ఏమైందో చూస్తే ఆ ధీమా నిలవదు. దాన్ని కాపాడింది చేతులు మారడం కాదు. ఆ తర్వాత ఎవరో ఓపిగ్గా రాయించిన పట్టికలూ నకళ్లూ.

ఆ సేకరణ కాలిన్ మెకంజీది. ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువులో సర్వేయరు. భూమిని కొలవడం ఉద్యోగం. తాళపత్రాలు, శాసనాల నకళ్లు, ఊళ్ల కైఫీయతులు కూడబెట్టడం చాలావరకు సొంత ఖర్చుతో సాగిన వ్యసనం. కావలి బొర్రయ్య, తమ్ముడు లక్ష్మయ్య, వారి కింది గుమాస్తాలు ఊళ్లు తిరిగి, ఊరి లెక్కలు రాసే కరణాల దగ్గరున్న దండకవిలెలనే పాత దస్త్రాలు చూసి రాసుకొచ్చారు. ఒక కైఫీయతు తెరిస్తే ఆ ఊరికి పేరెలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ ప్రభుత్వంలో ఏ మాన్యం ఎవరికి దక్కింది అన్నవి కనిపిస్తాయి. 1821లో మెకంజీ చనిపోయాక ప్రభుత్వం ఆ సేకరణను ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకు కొన్నది. 1828లో సంస్కృత పండితుడు హెచ్.హెచ్. విల్సన్ వేసిన పట్టికలో గ్రంథాలు 1,568, శాసనాల నకళ్లు 8,076, నాణేలు 6,218. లెక్క ఘనమే. కానీ కొంత లండన్‌కు, కొంత మద్రాసుకు పోయి సేకరణ ముక్కలైంది. సేకరణలో మిగిలిన పని తనకు అప్పగించమని లక్ష్మయ్య అడిగితే, నేటివుకు అంత సామర్థ్యం ఉండదని కలకత్తా పండితులు తోసిపుచ్చారు. ఏ కాగితం ఏ ఊరిదో, ఎవరు చెప్పగా రాసిందో తెలిసిన మనిషిని వదులుకోవడం కంటే పెద్ద నష్టం ఏముంటుంది? మద్రాసులో పాడైపోతున్న తెలుగు సంపుటాలకు సి.పి.బ్రౌన్ లేఖకులను పెట్టి నకళ్లు తీయించబట్టే మనకు కైఫీయతులు ఇంతగా మిగిలాయి. కడపలో జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో వెలసిన బ్రౌన్ గ్రంథాలయం ఆ జిల్లా కైఫీయతులను అచ్చువేసి మళ్లీ ఆ ఊళ్లవాళ్ల చేతికి అందించింది.

ఇవి కరణాల రాతలు కదా, వీటిని నమ్మేదెలా అని అడిగేవారున్నారు. అనుమానం న్యాయమైనదే. మాన్యాలున్నవారి గోడు ఇందులో ఎక్కువ, పొలం దున్నినవారి మాట తక్కువ. అయితే రాసింది ఎవరో, ఎవరి కోసమో తెలిస్తే ఆ పక్షపాతం కూడా సాక్ష్యమే. ఊరూ పేరూ లేని కాగితం అబద్ధానికీ పనికిరాదు, నిజానికీ పనికిరాదు. స్కాన్ చేస్తే సరిపోదా అనేది ఇంకో వాదన. స్కానింగ్ అవసరమే, కానీ అది అక్షరాన్ని చూపిస్తుంది తప్ప ఆ కట్ట ఎవరి అటక మీదిదో చెప్పదు. ఇక, సంస్థల నిర్లక్ష్యం కంటే ఇల్లే నయమనేవారికి ఒక్కటే జవాబు: ఇంట్లో చెదకు సెలవు దినాలుండవు.

1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక పాత కవిలెలు, సనదులు, దావా కాగితాలు చాలా ఇళ్లలోనే ఉండిపోయాయి. వాటిని చదవగలిగిన తరం వెళ్లిపోతోంది. మీ ఇంట్లో అలాంటి కట్ట ఉంటే ఇవ్వండి. ఇచ్చేముందు పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఒక్కో కాగితం ఏ ఊరిది, ఎవరిది, ఇంటికెలా వచ్చిందో రాసి జతచేయండి. తీసుకునే సంస్థ నుంచి పట్టికతో కూడిన రసీదు అడిగి తీసుకోండి.