మధ్యలో ఆగిన చేయి

లోహపు దిమ్మను చెక్కి ఆకారం తెచ్చే యంత్రాలలో మిల్లింగు యంత్రం ముఖ్యమైనది. లేతులో పని తిరుగుతుంది, పనిముట్టు తిరగదు. మిల్లింగులో పనిముట్టే తిరుగుతుంది. దానిని పట్టి తిప్పే ఇరుసును స్పిండిలు అంటారు. రాట్నానికి కదురు ఎట్టిదో ఈ యంత్రానికి స్పిండిలు అట్టిది. నేటి సి.ఎన్.సి. మిల్లింగు యంత్రం కంప్యూటరు ఇచ్చే అంకెల ఆజ్ఞలతో నడుస్తుంది. ఒక పనిముట్టుతో పని ముగియగానే దానిని తానే తీసి అరలో పెట్టి, మరొకదానిని తానే తగిలించుకొంటుంది. ఇదంతా కొద్ది క్షణాల పని. హైదరాబాదు బాలానగరంలోని చిన్న కార్ఖానాలలో సైతం ఈ దృశ్యం నేడు వింత కాదు.

ఒక్కొక్కప్పుడు మాత్రం పనిముట్లను మార్చే ఆ ఇనుపచేయి సగం తిరిగి నిలిచిపోతుంది. దాని రెండు కొసలా రెండు పనిముట్లు వ్రేలాడుతుంటవి. తెరమీద ఎఱ్ఱని హెచ్చరిక. పనివాని చూపు ముందుగా సుత్తిమీదికి పోతుంది. ఒక్క తట్టు తట్టితే వదులుతుందని అతని తలపు. అది తెలివిమాలిన తలపని తీసివేయరాదు, దానికి పెద్ద చరిత్రే ఉన్నది. అయితే నేటి యంత్రంలో ఆ తట్టే అతని వ్రేళ్ళకు ముప్పు తేగలదు. ఎందువల్లనో తెలియాలంటే కొంత వెనుకకు పోవాలి.

పనిముట్టు మార్చడంలో పోయే కాలాన్ని మిగుల్చుకోవాలన్న ఆశ పాతదే. 1845లో అమెరికాలో స్టీఫెన్ ఫిచ్ అనే ఆయన లేతుకు గుండ్రంగా తిరిగే తలను అమర్చి, దానిలో పలు పనిముట్లను ముందే బిగించి ఉంచినాడు. తల ఒక మెట్టు తిరిగితే కొత్త పనిముట్టు ఎదుటికి వస్తుంది. దేనినీ ఊడదీయనక్కరలేదు. కాని మిల్లింగులో పనిముట్టు తానే అతివేగంగా తిరుగుతూ లోహాన్ని కోయాలి గనుక, దానిని ఇరుసులో గట్టిగా బిగించక తప్పదు. బిగించినదానిని మళ్ళీ ఊడదీయకా తప్పదు. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

1860ల దశకంలో స్టీఫెన్ మోర్స్ ప్రచారంలోకి తెచ్చిన టేపరు, అనగా క్రమంగా సన్నబడే కాడ, పట్టు విషయంలో గట్టిది. ఇరవై పాళ్ళ పొడవుకు ఇంచుమించు ఒక పాలు మాత్రమే సన్నబడుతుంది. పారకు కామ బిగిసినట్లు తనంత తానే బిగిసిపోతుంది. తీయాలంటే ప్రక్కనున్న తూటులో చీల పెట్టి కొట్టాలి. మనిషికి ఇది కష్టం కాదు. ఎంత బలంగా కొట్టాలో, ఎప్పుడు వదిలిందో అతని చేతికే తెలుస్తుంది. మిల్లింగు యంత్రాలకు మాత్రం 1920ల దశకంలో అమెరికావారు వేరొక వాలును ప్రమాణం చేసినారు. అది ఇరవైనాలుగు పాళ్ళకు ఏడు పాళ్ళు సన్నబడుతుంది. ఇంత వాలు గలది తనంత తాను పట్టుకోదు. పైనుండి ఒక కడ్డీ దానిని లాగి పట్టాలి. దానినే డ్రాబారు అంటారు. పనివాడు స్పానరుతో కడ్డీని వదులు చేసి, దాని తలమీద మెత్తని సుత్తితో ఒక్క తట్టు తట్టేవాడు. పనిముట్టు అరచేతిలోకి జారేది. సికిందరాబాదులో 1943లో నెలకొన్న ప్రాగా టూల్సు వంటి కార్ఖానాలలో చేయి తిరిగిన పాతతరంవారు ఆ చప్పుడును ఎరుగుదురు.

ఇంతలో యంత్రానికి అంకెలతో ఆజ్ఞలిచ్చే విద్య పుట్టినది. మిచిగన్ రాష్ట్రంలో హెలికాప్టరు రెక్కల పనిలో ఉన్న జాన్ పార్సన్స్ ఆలోచన దానికి మూలం. అమెరికా వాయుసేన ధనసహాయంతో మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు 1952లో అట్టి మిల్లింగు యంత్రాన్ని నడిపి చూపినారు. రంధ్రాలు పొడిచిన కాగితపు పట్టీ దాని పాఠం. ఎంతటి వంకర తలాన్నయినా అది చెక్కగలదు. కట్టరు మార్చవలసి వచ్చినప్పుడు మాత్రం ఆగి మనిషికోసం ఎదురుచూచేది. 1958లో మిల్వాకీ ప్రాంతపు కియర్నీ అండ్ ట్రెకర్ కంపెనీ ఆ లోటును తీర్చినది. వారి మిల్వాకీమాటిక్ యంత్రంలో, వాలెస్ బ్రెయినార్డ్ రూపకల్పనలో, రెండు కొసల చేయి ఒకటి అరనుండి కొత్తదానిని, స్పిండిలునుండి పాతదానిని ఒకేసారి పట్టి, లాగి, అరచుట్టు తిరిగి తారుమారు చేసేది.

మనిషి చేతి పనిని యంత్రానికి అప్పగించినప్పుడు ఆ చేతి తెలివిని ముక్కలు ముక్కలుగా విడదీయవలసి వచ్చినది. స్పిండిలు ఆగాలి. నిర్ణీతమైన దిక్కుకు తిరిగి నిలవాలి. చేయి వచ్చి పట్టాలి. డ్రాబారు వదలాలి. చేయి క్రిందికి లాగాలి, తిరగాలి, పైకి నెట్టాలి. డ్రాబారు మళ్ళీ పట్టాలి. ప్రతి మెట్టు చివరా 'అయినది' అని చెప్పే సెన్సారు ఒకటి ఉంటుంది. ఆ మాట రానిదే కంప్యూటరు తరువాతి మెట్టుకు పోదు. కనుక చేయి మధ్యలో నిలిచిపోయినదంటే, అది విరిగినదని కాదు, చాలసార్లు ఏదో ఒక సాక్ష్యం అందలేదని అర్థం. నేర్పరియైన మరమ్మతుదారు అందువల్లనే సుత్తి పట్టడు. ఏ మెట్టువరకు సాక్ష్యం వచ్చినది, ఎక్కడ ఆగినది అని తెరమీద వరుసగా చూస్తాడు.

కారణం తరచుగా అల్పమైనదే. సెన్సారు ముఖాన లోహపు రజను అంటుకొని ఉండవచ్చు. గాలి ఒత్తిడి తగ్గి ఉండవచ్చు. పనిముట్టు తలనుండే బొడిపె, పుల్ స్టడ్ అనేది, వదులై ఉండవచ్చు. లేదా అది వేరొక దేశపు ప్రమాణానిది కావచ్చు. అమెరికావారి క్యాట్ పద్ధతికి, జపానువారి బి.టి. పద్ధతికి కాడ వాలు ఒక్కటే గాని, అంచులు వేరు, బొడిపెలూ వేరు. (క్యాట్ అన్న పేరు కాటర్‌పిల్లర్ కంపెనీ నుండి వచ్చినది.) ఒకే కప్పు క్రింద రెండు దేశాల యంత్రాలున్నచోట చూపుకు ఒకటిగా కనిపించే బొడిపెలు కలగలిసిపోవడం వింతేమీ కాదు.

పాత సుత్తి తట్టు ఏమైనదని అడుగవచ్చు. అది పోలేదు. డ్రాబారు పనిముట్టును వదిలిన తరువాత ఇంకొక వెంట్రుకవాసి క్రిందికి దిగి, బొడిపెను ఒక్క నెట్టు నెడుతుంది. ఆ నెట్టే పాత పనివాని తట్టు. పని చేసి వేడెక్కిన స్పిండిలులో చల్లని పనిముట్టును పెట్టి గంటలకొలది వదిలితే, అదీ వేడెక్కి వ్యాకోచించి, పట్టుకోరాని వాలు కూడ పట్టుకొంటుంది. ఆ చిన్న నెట్టు కొలత తగ్గి ఉంటే పనిముట్టు ఊడదు. అప్పుడు నెట్టు కొలతను సరిచేయాలి గాని, అంచు క్రింద గడ్డపార పెట్టరాదు. స్పిండిలు బేరింగులు పాడవుతవి.

వ్రేళ్ళ సంగతికి వస్తాను. నేటి యంత్రంలో పనిముట్టును పట్టి ఉంచేది గాలి కాదు, నూనె కాదు. పళ్ళెములను బోర్లించి పేర్చినట్లుండే స్ప్రింగులు. ఫ్రాన్సులో జూలియన్ బెల్‌విల్ 1867లో పేటెంటు పొందిన రకమిది. గాలి గాని నూనె గాని వీటిని అదిమి పనిముట్టును వదిలిస్తుంది. కరెంటు పోయినా, గొట్టం పగిలినా పనిముట్టు ఎగిరిపోకుండుటకు ఈ ఏర్పాటు. ఇది మంచి ఆలోచనే. అయితే దీనివల్ల ఆపివేసిన యంత్రం కూడ నిద్రపోయిన యంత్రం కాదు. మధ్యరకపు యంత్రంలో ఆ స్ప్రింగుల లాగుడు టన్నుకు దరిదాపుగా ఉండవచ్చు. చేయి సగంలో ఆగినప్పుడు తొందరపడి గాలి విప్పితే, ఏది బిగుస్తుందో, ఏది జారుతుందో ముందుగా తెలుసుకొనే ఉండాలి. విద్యుత్తును ఆపి, తాళం వేసి, పనిముట్టు క్రింద కొయ్యదిమ్మ పెట్టి, తయారీదారుల గ్రంథంలో చెప్పిన వరుసనే అనుసరించాలి. క్యాములతో నడిచే చాల యంత్రాలలో మోటారు బ్రేకు విడిపించి, ఇరుసు కొసను స్పానరుతో మెల్లగా త్రిప్పి చేయిని ఇంటికి చేర్చే వీలున్నది. ఎక్కడ బరువుగా తోచినదో అప్పుడు మళ్ళీ మనిషి చేతికే తెలుస్తుంది.

చేయి ఇల్లు చేరినంత మాత్రాన పని ముగియదు. తొలికాలపు యంత్రాలలో ప్రతి పనిముట్టు కాడకు గుర్తు ఉంగరాలు తొడిగేవారు. ఎక్కడ పెట్టినా యంత్రం ఆ ఉంగరాలను తడిమి గుర్తుపట్టేది. పేరు పనిముట్టు ఒంటిమీదనే ఉండేది. నేడు చాల యంత్రాలలో పేరు కంప్యూటరు జ్ఞాపకంలో ఉన్నది. ఏ అరలో ఏది ఉన్నదో అది తలచుకొంటుంది గాని చూడదు. మార్పిడి మధ్యలో ఆగినప్పుడు తలపుకు, నిజానికి పొత్తు తప్పుతుంది. పొడవైన డ్రిల్లు ఉన్నచోట పొట్టి కట్టరు ఉన్నదని యంత్రం నమ్మి పూర్తి వేగంతో దిగితే, పనీ స్పిండిలూ రెండూ పోతవి.

అందుకే అనుభవశాలి వెంటనే పచ్చమీట నొక్కడు. కాగితం, పెన్సిలు తీసుకొంటాడు. అరలను ఒక్కొక్కటిగా త్రిప్పి చూస్తూ, మొదటి దానిలో ఇది, రెండవ దానిలో ఇది, మూడవది ఖాళీ అని వ్రాసుకొని, తెరమీది పట్టికతో సరిచూచుకొంటాడు.