సారాయంగడియు శాసనసభయు

2025 నవంబరు 11వ తేదీన హైదరాబాదు నగరములో జూబిలీహిల్సు శాసనసభా నియోజకవర్గమునకు ఉపయెన్నిక జరిగినది. పోలింగు ముగియు వేళకు ముందు నలువదియెనిమిది గంటలు మద్యపు దుకాణములు మూసియుండవలెనన్నది 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టములోని 135-సి నిబంధన. వోటు వేయువాడు మత్తులో నుండరాదని, మత్తు చూపి వోటు కొనరాదని శాసనకర్తల తలంపు. మంచిదే. కాని ఆ రెండు దినములు గడచిన పిమ్మట మరల ఎన్నికలు వచ్చు వఱకును ఆ వోటరే ప్రభుత్వ ఖజానాకు నమ్మకమైన బేరగాడు. 2023లో తెలంగాణమునందలి 2,620 దుకాణముల కేటాయింపునకై లక్షా ముప్పదివేలకు మించి దరఖాస్తులు వచ్చినవి. ఒక్కొక్క దరఖాస్తునకు తిరిగి యీయని రుసుము రెండు లక్షల రూపాయలు. ఆ దుకాణములలో ఒక్క చుక్కయైన అమ్ముడు పోకమున్నే 2,600 కోట్ల రూపాయలకు పైగా బొక్కసమునకు చేరినవి. చదువరులు ఈ లెక్కను మనస్సున నుంచుకొని తక్కినది చదువవలెనని మా కోరిక.

జూబిలీహిల్సనగానే దూరపు గ్రామములవారికి తారల మేడలును, ఫిలింనగరు వీథులును కన్నులకు కట్టును. నియోజకవర్గమునకు ఆ పేరున్నను వోట్లలో పెద్దపాలు యూసఫ్‌గూడ, బోరబండ, రహమత్‌నగరు, ఎఱ్ఱగడ్డ బస్తీలది. మదరాసునుండి చిత్రపరిశ్రమ తరలివచ్చి, 1976లో అన్నపూర్ణా స్టూడియోయు, 1989లో రామానాయుడు స్టూడియోయు కొండమీద వెలసిన కాలముననే, క్రింద కృష్ణానగరు ఇఱుకు గదులును నిండినవి. గుంపు వేషములవారు, దీపములు మోయువారు, దుస్తులు కుట్టువారు, ఏదేని పని దొరకునేమోయని వేకువనే వీథికి వచ్చి నిలుచువారు అచట కాపురముందురు. సినిమా అనగా వీరును సినిమాయే. పత్రికలు వీరి బొమ్మలు వేయవు.

ఆ ఉపయెన్నికకు కారణము ఒక మరణము. 2014 మొదలు మూడుమాఱులు అచట గెలిచిన మాగంటి గోపీనాథుగారు 2025 జూనులో కాలధర్మము నొందిరి. వారు ఒకప్పుడు చిత్రములను కూడ నిర్మించినవారు. భర్తృవియోగదుఃఖము ఆఱకమున్నే వారి భార్య సునీతగారు అభ్యర్థినిగా నిలిచి ఓడిరి. అంతకుముందు అదే చోట ఓటమి చవిచూచిన నవీన్ యాదవుగారు ఈమాఱు గెలిచిరి. వోటర్లలో సగము మందియైన పోలింగునకు రాలేదు. ఇంటి కష్టమును మోసికొని ప్రజల యెదుటికి వచ్చుట మనకు వింత గాదు. వైధవ్యము, పుత్రశోకము, చెఱసాల, దారిద్ర్యము, ఇవి సభలో చెప్పుకొనదగిన కష్టములు. విన్నవారు కన్నీరు పెట్టుదురు, వోటును వేయుదురు. చెప్పుకొనరాని కష్టము ఒకటి కలదు. అది తాగుడు. మగడు తాగి మంచమునుండి లేవలేనినాడు ‘ఒంట్లో బాగుగా లేదు’ అని పొరుగింటికి కబురు చెప్పు ఇల్లాండ్రు మన చదువుకొన్న యిండ్లలోను లేకపోలేదు. అట్టి వ్యసనమును జయించినవాడు ఆ సంగతిని దాచకయే వోటడుగ వచ్చునేమో, అడిగిన మనమేమి చేయవలెనో, ఆలోచింపదగిన విషయమని మాకు తోచినది.

తెరమీద తాగుబోతును మనవారు నెత్తిన బెట్టుకొందురు. 1953లో ‘దేవదాసు’ చిత్రము వచ్చినప్పుడు అక్కినేని నాగేశ్వరరావుగారి తూలు నడకను చూచి ఆంధ్రదేశమంతయు వెక్కి వెక్కి యేడ్చినది. ఆ చిత్రములో పార్వతి సావిత్రి. నిజజీవితమున ఆమెయే ఆ వ్యసనమునకు చిక్కి, నెలల తరబడి స్మృతి లేక పడియుండి, 1981 డిసెంబరు 26వ తేదీన కన్ను మూసినది. కల్పితమైన దేవదాసు తాగినందులకు జాలిపడిన జనమే ఆ మహానటి తాగినందులకు గుసగుసలు పోయినది. స్త్రీ యగుటచే గుసగుసలు రెట్టింపైనవని మా యభిప్రాయము. వ్యాధి వచ్చినవారి పట్ల మనకుండు దయ ఈ వ్యాధి యొద్ద నిలిచిపోవుచున్నది.

సినిమావారు శాసనసభలకు పోవుటకు మార్గము 1967లోనే పడినది. ఆ యేట కొంగర జగ్గయ్యగారు ఒంగోలునుండి లోకసభకు ఎన్నికైరి. పిమ్మట జమున, కృష్ణ, రామానాయుడు, జయసుధ, ఇంక ననేకులు. వారి జాబితా వ్రాయుట మా యుద్దేశము గాదు. వేషము కట్టి పిదప ముఖ్యమంత్రులైన యిరువురి కథ మాత్రము ఇచట చెప్పవలసియున్నది. ఏలయన ఇరువురి కథలోను మద్యమే మలుపు.

మొదటివారు టంగుటూరి ప్రకాశముగారు. సినిమా పుట్టకమున్నే నాటకమాడినవారు. బాల్యముననే తండ్రి పోగా తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్లు పెట్టి బిడ్డలను పోషించినది. పిల్లవాడు ఆడువేషములు వేయుచు, అల్లరిమూకలతో తిరుగుచు, చెడుటకు సిద్ధముగా నుండెను. ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారను ఉపాధ్యాయుడు చేరదీయకున్నచో ఏమైయుండునో. ఆ బాలుడే ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లలో రాజమహేంద్రవర పురపాలక సంఘమునకు అధ్యక్షుడయ్యెను. తన చిన్ననాటి అల్లరిని ఆయన దాచలేదు. స్వీయచరిత్రలో తామే వ్రాసికొనిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమేర్పడగా దానికి మొదటి ముఖ్యమంత్రియైరి. మదరాసు రాష్ట్రమునందు 1948 నాటికి అంతట వ్యాపించిన మద్యనిషేధము ఆయనకు వారసత్వముగా వచ్చినది. దాని ఫలితములను విచారించుటకు నియమించిన రామమూర్తి సంఘము నిషేధమును ఎత్తివేయుమన్నది. ప్రకాశముగారు ఒప్పుకొనలేదు. తాటిచెట్లెక్కి బ్రదుకు గీతపనివారి కడుపు మాడుచున్నదని గౌతు లచ్చన్నగారు మొదలగువారు ఎదురు తిరిగిరి. అదియు అబద్ధము గాదు. 1954 నవంబరులో అవిశ్వాసతీర్మానమునకు ఒక్క వోటు ఎక్కువ వచ్చి మంత్రివర్గము కూలిపోయినది.

రెండవవారు నందమూరి తారక రామారావుగారు. విజయవాడలో చదువుకొను దినములలో సైకిలుపై పాలు తీసికొనిపోయి హోటళ్లకు పోసినవారు. 1982 మార్చి 29వ తేదీన పార్టీ పెట్టి, తొమ్మిది నెలలలో రాష్ట్రమును గెలిచిరి. 1985లో భార్య బసవతారకముగారు క్యాన్సరు వలన పోయిరి. 1989లో పార్టీయు ఓడినది, కల్వకుర్తిలో తామును ఓడిరి. ఈ కష్టములన్నియు అందఱెఱిగినవే. అంతగా తలపెట్టనిది మఱియొకటి కలదు. సారాను పొట్లములలో నింపి పల్లెపల్లెకు చేర్చిన ‘వారుణివాహిని’ 1980వ దశకమున వారి ప్రభుత్వము నడిపిన పథకమే. పూర్వము సారా కొఱకు అంగడికి నడచి పోవలసియుండెను. పొట్లము వచ్చిన పిమ్మట సారాయే గుమ్మము ముందటికి వచ్చినది.

ఆ పొట్లమును ఎదిరించినది ఏ పార్టీయు గాదు. నెల్లూరు జిల్లాలో 1990 తరువాత అక్షరాస్యతా ఉద్యమము సాగినది. పగలెల్ల కూలి చేసి రాత్రి లాంతరు వెలుగున పలక పట్టిన స్త్రీలు అక్షరములతోపాటు తమ యింటి లెక్కను కూడ నేర్చికొనిరి. కూలి యెంత, అందులో సారాకు పోవునదెంత, బిడ్డ నోటికి మిగులునదెంత. దూబగుంట గ్రామమున వర్ధినేని రోశమ్మ మొదలగు స్త్రీలు కూడి తమ యూరి సారా దుకాణమును మూయించిరి. ఆ సంగతిని ‘ఆడవాళ్లు ఏకమైతే’ అను పాఠముగా వాచకములో అచ్చు వేయగా, అక్షరము వచ్చిన ప్రతి పల్లెయు దానిని చదివినది. చదివి ఊరకుండలేదు. చీపురులు, కారపుపొడి చేతబట్టి దుకాణముల మీదికి పోయిరి. పొట్లములను వీథిలో కుప్పవేసి కాల్చిరి. 1992లో నెల్లూరున సారా వేలము జరుపుట అధికారులకు దుస్తరమైనది. వాచకము వ్రాసిన పండితులు ఈ ఫలము నెదురు చూచియుండరు. స్త్రీవిద్య వలన నేమి ప్రయోజనమని యడుగు పెద్దలు నేటికిని మా చెవిని బడుచుందురు. వారికి మేము దూబగుంట పేరు చెప్పుదుము.

కోట్ల విజయభాస్కరరెడ్డిగారి ప్రభుత్వము 1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారాను నిషేధించినది. రామారావుగారు ఇంకొక యడుగు ముందు వేసి సంపూర్ణ నిషేధమును వాగ్దానము చేసిరి. 1994 ఎన్నికలలో వారి పార్టీకి 294 స్థానములలో 216 దక్కినవి. డిసెంబరు 12వ తేదీన లాల్‌బహదూరు స్టేడియములో ప్రమాణస్వీకారము చేసిన వేదికమీదనే నిషేధపు కాగితముపై చేవ్రాలు చేసిరి. అది 1995 జనవరి 16వ తేదీనుండి అమలైనది. ఆ యేడు తిరుగకమున్నే వారు పదవి కోల్పోయిరి, 1996 జనవరి 18వ తేదీన మరణించిరి. 1997లో నిషేధమును సడలించిరి. దొంగసారా, పొరుగు రాష్ట్రముల సరుకు, ఖాళీయైన ఖజానా, ఈ మూడును కారణములుగా చెప్పబడినవి. మూడవదే మొదటిదని మా యనుమానము.

ప్రకాశముగారు నిషేధమును వదలక పదవి పోగొట్టుకొనిరి. రామారావుగారు నిషేధమును పట్టి పదవి సంపాదించుకొనిరి. వాదమెల్ల అంగడి తెఱచుటయా, మూయుటయా యను దానిమీదనే నడచినది. అంగడి మూసిన మఱునాడు చేతులు వణకుచు, నిద్రలేక, గోడలమీద పాములను చూచు మనుష్యుని సంగతి ఏమి? ఆ దశను అనుభవించి గట్టెక్కినవాడు ఒక్కడైన శాసనకర్తగా కూర్చున్నచో ఈ ప్రశ్న అడిగియుండునని తోచును.

అట్టివారు లోకమున లేకపోలేదు. మనదేశముననే పంజాబులో హాస్యనటుడుగా పేరొందిన భగవంత్ మాన్‌గారు లోకసభ సభ్యులుగా నుండగా, 2019 జనవరిలో బర్నాలా సభలో, తల్లి సమక్షమున, ఇక తాగనని వేలమంది యెదుట ప్రకటించిరి. ఆ యేట మరల గెలిచి 2022లో ముఖ్యమంత్రియైరి. ప్రతిపక్షులు ఆ మాటను పలుమాఱు పరిహసించిరి. సభలో చేసిన ప్రతిజ్ఞకు ఆ తిప్పలు తప్పవు. అయినను మత్తు సంగతిని కొడుకు తల్లి ప్రక్కన నిలిచి సభలో చెప్పుట మన రాజకీయములలో అపూర్వమైన దృశ్యము.

అంతకంటె లోతైన కథ అమెరికాలోని అయోవా రాష్ట్రపుది. హెరాల్డ్ హ్యూసు లారీ నడిపినవాడు, రెండవ ప్రపంచయుద్ధమున ఇటలీలో పోరాడినవాడు, తాగుడుచే సంసారము చెడగొట్టుకొని 1952లో తుపాకితో ప్రాణము తీసికొనబోయినవాడు. ఆ రాత్రి బ్రదికి, క్రమముగా మాని, 1962లో గవర్నరుగా ఎన్నికయ్యెను. 1964లో ప్రత్యర్థి సభాముఖమున, ఇతడు మానితినని చెప్పిన పిదప కూడ ఒకమాఱు తాగెనని బయటపెట్టెను. హ్యూసు బొంకలేదు. తాను వ్యసనరోగినని, చచ్చువఱకు రోగినేయని, ఇక ఎన్నికల విషయములు మాటాడుదమని బదులు చెప్పెను. ప్రజలు మునుపటికంటె పెద్ద మెజారిటీతో గెలిపించిరి. ఇందు చిత్రమేమనగా, అయోవాలో గ్లాసులెక్కన మద్యమమ్ముటను చట్టబద్ధము చేయించినవాడు ఈ మానినవాడే. దొంగచాటు అమ్మకము ఊరూర సాగుచుండగా లేనట్లు నటించుట కపటమని అతని వాదము. పిదప సెనేటుకు పోయి, 1970లో వ్యసనరోగుల చికిత్సకై దేశమంతటికిని ఒక చట్టము తెచ్చెను. అతడు అంగడిని మూయలేదు. అంగడినుండి బయటికి వచ్చువానికి ఒక ద్వారము కట్టించెను. ఈ పని తాగని పుణ్యాత్ములకు తోచలేదు.

మన నగరమునందును అట్టి ద్వారము ఒకటి కలదు. అది ఎఱ్ఱగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయము. ఫిలింనగరు మేడలకును దానికిని నడుమ దూరము కొన్ని మైళ్లే. పేరున్న కుటుంబములు ఆ గేటు దాటుటకు జంకును. ఎఱ్ఱగడ్డ యనుటయే మనలో ఒక తిట్టు. 2020 మార్చిలో కరోనా వలన దేశమంతయు మూతపడినప్పుడు, ఏ నాయకుని చేవ్రాలును లేకయే, మద్యనిషేధము ఒక్క రాత్రిలో వచ్చిపడినది. వారము తిరుగకమున్నే ఎఱ్ఱగడ్డ ఆస్పత్రి ముందు వణకుచున్న మనుష్యులు పెద్దసంఖ్యలో చేరిరి. కొందఱిని భార్యలు, కొందఱిని తల్లులు పట్టుకొని తీసికొనివచ్చిరి. బస్సులు లేవు, ఆటోలు లేవు. అప్పుడు ‘ఒంట్లో బాగుగా లేదు’ అని పొరుగువారితో చెప్పుటకును వీలు లేకపోయెను. వీథిలో నడచిపోవుట అందఱును చూచిరి. మే 6వ తేదీన, పెంచిన ధరలతో, తెలంగాణ ప్రభుత్వము దుకాణములు తెఱచినది. తెల్లవాఱకమున్నే వాటి ముందు, సున్నముతో గీసిన వలయములలో, మనుష్యులు వరుసగా నిలిచియుండిరి.