మధ్యలో కనిపించిన మరక

మా పెద్దమ్మకు గర్భసంచి తీసేసేనాటికి ఆమె వయసు ముప్పై రెండేళ్లు. గురజాల దగ్గర పల్లె మాది. 1994, మిరపకాయ కోతల కాలం. ముట్టు ఆగిన పది పన్నెండు రోజులకు మళ్లీ మరక కనిపించేది. పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. చేలో వంగి కాయ కోస్తూ, చీరకు అంటిందేమోనని మాటిమాటికీ వెనక్కి చూసుకునేది. ఇంట్లో మైల లెక్క తప్పింది. నెలకు మూడు రోజులు బయట కూర్చునే మనిషి ఏడెనిమిది రోజులు కూర్చుంటే వంటెవరు చేస్తారని అత్తగారి సాధింపు. చివరికి పిడుగురాళ్ల మీదుగా బస్సెక్కి నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లింది. స్కానింగు చేసి, సంచికి పుండు పడింది, వదిలేస్తే క్యాన్సరవుతుందన్నారు. నానుతాడు తాకట్టు పెట్టి పెద్దాపరేషను చేయించుకుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషను ఇరవై రెండో ఏటే అయిపోయింది కదా, ఇక ఆ సంచితో పనేముందన్నది అందరి మాటా. ఆమె మాట కూడా అదే.

చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు, ఈ మరకకు మన తెలుగునాట ఒక చరిత్ర ఉందని. 1985లో హైదరాబాదు దగ్గర పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్‌ను ప్రయోగాత్మకంగా ఇచ్చారు. ఇది ప్రయోగమనీ, దీనికి దుష్ఫలితాలున్నాయనీ అక్కడికొచ్చిన ఆడవాళ్లకు సరిగ్గా చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. సహేలీ, చింగారీ వంటి సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ వ్యాజ్యం 2000 దాకా నడిచింది.

ఇలాంటి ఇంజక్షన్లలోని హార్మోను గర్భసంచి లోపలి పొరను పల్చబరుస్తుంది. అందుకే వేళాపాళా లేకుండా మరకలు కనిపిస్తాయి, కొందరికి ముట్టే ఆగిపోతుంది. వైద్యుల కాగితాల్లో అది చిన్న ఇబ్బంది. మైల పాటించే ఇంట్లో, గుడ్డలుతికే నీళ్లు కూడా మోసుకొచ్చుకునే ఇంట్లో, అది చిన్నదెలా అవుతుంది? ఆ జాతికే చెందిన డీఎంపీఏ ఇంజక్షన్‌ను 2017లో 'అంతర' పేరుతో ప్రభుత్వ కార్యక్రమంలో ప్రవేశపెట్టారు. మూడు నెలలకొకటి. కావాలనుకునే స్త్రీకి అది అందాల్సిందే. మరక గురించి ముందే చెప్పడం కూడా ఆ వైద్యంలో భాగమే.

పెద్దమ్మ కథనూ పటాన్‌చెరు కథనూ పక్కపక్కన పెట్టుకుంటే ఒకటి అర్థమవుతుంది. మనకిచ్చిన మందు వల్ల మరక వస్తే, మామూలే, ఓర్చుకోమంటారు. మన ఒంట్లోంచి దానంతటది వస్తే, ప్రమాదం, సంచి తీసేద్దామంటారు. ఎందుకొచ్చిందన్న ప్రశ్న రెండుచోట్లా లేదు.

ఆ ప్రశ్నకు జవాబులు చాలానే ఉన్నాయి. అండం విడుదలయ్యే రోజుల్లో కొందరికి కాస్త మరక, ఒక పక్క నొప్పి సహజంగానే వస్తాయి. మాత్రలు, కాపర్‌-టి, ఇన్ఫెక్షన్లు, థైరాయిడ్, పాలిప్‌లు, గడ్డలు, లోపలి పొర వేరేచోట పెరగడం, ఇవన్నీ కారణాలే. నెల తప్పాక మరకతో పాటు తీవ్రమైన నొప్పి వస్తే గర్భం సంచి బయట నిలిచిందేమో వెంటనే చూడాలి. కలయిక తర్వాత రక్తం కనిపించినా, ముట్లుడిగాక కనిపించినా క్యాన్సర్ పరీక్ష తప్పదు. అంటే భయపెట్టిన మాట పూర్తిగా అబద్ధం కాదు, పరీక్ష చేయకుండా ఆ మాట అనడమే అన్యాయం. గర్భసంచి నుంచి వచ్చే అసాధారణ రక్తస్రావానికి కారణాలను అంతర్జాతీయ ప్రసూతి వైద్యుల సమాఖ్య 2011లో తొమ్మిది రకాలుగా విభజించింది. వాటిలో చాలావాటికి సంచి తీయక్కర్లేదు.

అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో సుమారు 3 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. అనవసర ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలంది. నలభై ఏళ్ల లోపు వాళ్లకు చేసే ఆపరేషన్ల లెక్కా, కారణమూ రాసిపెట్టడం వాటిలో ఒకటి.

నలభై రెండో ఏట నాకూ మధ్యలో మరక మొదలైంది. మా ఇంటి ఆడవాళ్లందరిలాగే ముందు దాచాను. తర్వాత వెళ్లిన డాక్టరమ్మ కత్తి సంగతి ఎత్తలేదు. ఎన్ని రోజులకొకసారి, ఎంత, ఎప్పుడు, ఏ మందులు అని అరగంట అడిగింది. నా నెలల లెక్క నేను రాసుకోలేదని అప్పుడు సిగ్గనిపించింది. గర్భసంచి ముఖద్వారం దగ్గర చిన్న పాలిప్. తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ కాదు. సాయంత్రానికి ఇంటికొచ్చేశాను.

ఊరెళ్లినప్పుడు పెద్దమ్మకు ఈ సంగతి చెప్పాను. అరుగు మీద కూర్చుని అంతా విన్నది. నడుం నొప్పితో ఇప్పుడామె చేనికి పోవడం లేదు. కాసేపటికి అడిగింది.

"మరి నాకేముందంటావే అప్పుడు?"

ట్రంకుపెట్టెలో ఆసుపత్రి కాగితాలు వెతికాం. డబ్బు కట్టిన రశీదు ఒక్కటే దొరికింది. తీసిన సంచిని పరీక్షించారో లేదో, ఏం కనిపించిందో, ఎక్కడా రాసిలేదు.