ముదిసిన గుఱ్ఱము – దాని గ్రాసము



“గుఱ్ఱము గుడ్డిదైనను దానాకు తక్కువ లేదు” అని మనలో ఒక సామెత కలదు. పని తక్కువ, తిండి యెక్కువ అయినవారిని గూర్చి దీనిని వాడుచుందుము. పరిహాసమునకు పుట్టిన మాటయే యైనను, ఇందులో కొంత చరిత్ర దాగియున్నది. మనవారి దృష్టిలో గుఱ్ఱమును పోషించుట యనగా దానా పెట్టుట. ఎన్ని మానికల ఉలవలు, ఎంత తవుడు, ఎంత నేయి అని లెక్కించితిమి గాని, ఆ జంతువు దినములో ఎన్ని గంటలు మేయుచున్నదని లెక్కించినవారు అరుదు. ముదిసిన గుఱ్ఱములను ఏండ్ల తరబడి బాధించు కడుపు పుండ్లకును, ఈ లెక్కకును గల సంబంధమును నేడు మీకు మనవి చేయదలచితిని.

మా కోనసీమ గుఱ్ఱపు సీమ కాదు. గౌతమీ వసిష్ఠల నడుమనున్న ఈ తడినేలలో పొలమున ఎద్దు, కాలువలో పడవ, ఇవియే మా పూర్వుల వాహనములు. 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలే మాకు రాజమార్గములైనవి. గుఱ్ఱము మాకు ముఖ్యముగా జట్కాబండితోనే పరిచయము. నా బాల్యమున, అనగా 1960 దశకమున, అమలాపురపు వీధిలో జట్కా గుఱ్ఱమును చూచిన జ్ఞాపకము నాకు కలదు. బండివాడు దాని మెడకు దానా సంచి తగిలించెడివాడు. గింజలు ముగియగానే సంచి తీసివేసి, మఱల బాడుగ కుదురు వఱకు దానిని ఎండలో నిలిపెడివాడు. సంచికిని సంచికిని నడుమ దాని నోటికి గడ్డిపరక తగిలెడిది కాదు. అతడు నిర్దయుడు కాడు; తాను తినక ముందే గుఱ్ఱమునకు పెట్టెడివాడు. అతడెఱిగిన పోషణ అంతియే. ఆ పోషణ క్రమము మన దేశమున ఎట్లు స్థిరపడినదో కొంచెము వెనుకకు పోయి చూతము.

అశ్వచికిత్స మనకు క్రొత్త విద్య కాదు. శాలిహోత్రుడు ఈ శాస్త్రమునకు ఆద్యుడని పెద్దలు చెప్పుదురు. విరాటుని కొలువున నకులుడు దామగ్రంథి యను పేర అశ్వశాలను పాలించిన కథ తెలుగువారికి కంఠస్థము. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసమను కృతిని రచించెను. కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి బండలపై అశోకుడు చెక్కించిన శాసనములలో, మనుష్యులకు వలెనే పశువులకును చికిత్స యేర్పఱచితిననియు, ఓషధులు నాటించితిననియు ప్రకటించినది యొకటి కలదు.

వీనియన్నిటికంటె మన ప్రస్తుత విషయమునకు దగ్గఱది కౌటిల్యుని అర్థశాస్త్రము. ఈ గ్రంథము చిరకాలము కనుమఱుగై యుండి, మైసూరులో శామశాస్త్రిగారి చేతికి దొరకి, 1909లో అచ్చయినది. దాని రెండవ అధికరణమున అశ్వాధ్యక్షుని గూర్చి ఒక ప్రకరణము కలదు. గుఱ్ఱపుసాల తూర్పునకో ఉత్తరమునకో ముఖమై యుండవలెననియు, ఒక్కొక్క గుఱ్ఱమునకు దాని నిడివికి తగిన చోటుండవలెననియు, ఆ సాలలో కోతులు, నెమళ్లు, చిలుకలు, గోరువంకలు మొదలైన ప్రాణులుండవలెననియు అందు విధింపబడినది. గింజ, నేయి, ఉప్పు ఇంతింత యని చెప్పి, అంతటితో ఆగక, పచ్చిమేత ఇంత, గడ్డి దానికి రెట్టింపు అని కౌటిల్యుడు నియమించెను. వైద్యుని అజాగ్రత్త వలన రోగము ముదిరినచో చికిత్సకైన వ్యయమునకు రెట్టింపు దండుగ. కావున గడ్డి విలువ మన శాస్త్రమెఱుగనిది కాదు. శాస్త్రమున నున్నది అశ్వశాలలో నిలిచినదా యన్నది వేఱు ప్రశ్న.

పదుమూడవ శతాబ్దమునకు వచ్చునప్పటికి దక్షిణదేశపు రాజులకు గుఱ్ఱములు సముద్రము మీదుగా వచ్చుచుండెను. కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున ఓడవర్తకులకు అభయశాసనమిచ్చినది 1244 ప్రాంతమున. ఆ శతాబ్దము చివర ఈ తీరములను వర్ణించిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో, మనకు దక్షిణమున నున్న పాండ్యుల రాజ్యమును గూర్చి ఒక విచిత్రమును వ్రాసెను. అచ్చటి రాజు ఏటేట రెండువేలకు పైగా గుఱ్ఱములను కొనుననియు, ఏడాది ముగియుసరికి వానిలో నూఱైనను మిగులవనియు, వానిని సాకు నేర్పు గలవారు అచ్చట లేరనియు అతడు చెప్పెను. ఇంచుమించు ఆ కాలమువాడే యైన పారసీక చరిత్రకారుడు వస్సాఫు మఱికొంత వివరించెను. గుఱ్ఱమునకు వేయించిన గింజలు నేతితో కలిపి పెట్టుదురట. కాచిన ఆవుపాలు త్రాగింతురట. బలియుటకై నలువది దినములు సాలలో మేకులకు త్రాళ్లతో కట్టివేసి యుంతురట. పిమ్మట శిక్షణ లేకయే ఎక్కి తోలుదురట. అందుచే ఎంతటి చుఱుకైన గుఱ్ఱమైనను కొలదికాలములోనే నీరసించి పనికిమాలినదగునని అతడు వ్రాసి, నేరమును మన వాతావరణముపై కూడ మోపెను.

పరదేశీయుల వ్రాతలలో అతిశయోక్తి యుండవచ్చును. ఆ గుఱ్ఱముల చావులకన్నిటికిని కడుపు పుండే కారణమని నేననను. ఎండయు, ఓడప్రయాణమును, అంటురోగములును ఉండనే యున్నవి. కాని వస్సాఫు వర్ణించిన ఆ నలువది దినములను నేటి పశువైద్యునికి వినిపించినచో, గింజ యెక్కువ, గడ్డి కఱవు, కట్టివేత, ఒక్కసారిగా శ్రమ, ఇవన్నియు గుఱ్ఱము కడుపున పుండు పుట్టించు మార్గములే యని తప్పక చెప్పును. మఱియొక మాట. ఇదియంతయు ద్వేషముతో చేసినది కాదు. నేయి, పాలు మనుష్యులకే అపురూపమైన దినములలో వానిని గుఱ్ఱమునకు పెట్టిరి. తమకు ఏది మేలో అదియే దానికిని మేలనుకొనిరి.

విజయనగరపు రాజుల కాలమునను ఈ వ్యాపారము సాగినది. కృష్ణదేవరాయలు ఏటేట పదుమూడువేల గుఱ్ఱములను కొనుచుండెనని పోర్చుగీసువాడైన నూనిజ్ వ్రాసెను. ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టమున సైతము గుఱ్ఱములను, ఏనుగులను తెచ్చు దూరదేశపు వర్తకులను ఆదరించి దగ్గఱకు తీయవలెనను ఉపదేశము కలదు. ఆ ఉపదేశమునకు కారణము స్పష్టము. తెచ్చుకొన్న గుఱ్ఱము నిలువనిచో మఱల తెచ్చుకొనక తప్పదు.

ఇక గుఱ్ఱము కడుపు నిర్మాణమును చూతము. ఇంత పెద్ద జంతువునకు ఆమాశయము మిక్కిలి చిన్నది. 8 మొదలు 15 లీటర్ల వఱకు మాత్రమే పట్టును. మనకు భోజనవేళలందు ఆమ్లము ఎక్కువగా ఊరును. గుఱ్ఱమునకు రాత్రింబవళ్లు ఎడతెగక ఊరుచునే యుండును. దానికి విరుగుడు లాలాజలము. ఆ లాలాజలమైనను గుఱ్ఱము నమలునప్పుడే స్రవించును గాని, ఊరక నిలిచియుండగా స్రవింపదు. బయలున విడిచిన గుఱ్ఱము దినమునకు 16 గంటల వఱకు మేయును. ఆ నమలుటయే దాని కడుపునకు కాపుదల. ఆమాశయపు పై భాగమున ఆమ్లమును తట్టుకొను జిగట పొర లేదు. మేత లేక కడుపు ఖాళీయైనప్పుడు, అందును ఖాళీకడుపుతో పరుగెత్తినప్పుడు, ఆమ్లము పైకెగసి ఆ భాగమును కాల్చును. ఎక్కువ గింజ పెట్టినచో అది కడుపులో పులిసి మఱికొన్ని ఆమ్లములను పుట్టించును. ఒంటరితనము, ప్రయాణము, చోటు మాఱుట, పెద్ద చప్పుళ్లు, ఇవి కలిగించు బెదరు కూడ ఈ వ్యాధిని పెంచును. కుంటికి, కీళ్లనొప్పులకు ఇచ్చు కొన్ని మందులు ఆమాశయపు పొరను పలుచజేయును. ముదిసిన గుఱ్ఱములకు అట్టి మందులే తఱుచుగా ఇత్తురు గదా!

ఈ సంగతులు బయటపడి ఎంతోకాలము కాలేదు. మూడు మీటర్ల పొడవుగల దర్శినీనాళమును ముక్కు గుండా పంపి, బ్రదికియున్న గుఱ్ఱము ఆమాశయమును కంటితో చూచుట 1980 దశకమున వ్యాపించినది. చూచినవారు విస్తుపోయిరి. పందెపు గుఱ్ఱములలో పదింట తొమ్మిదింటి వఱకు పుండ్లు కనబడినవి. మనుష్యుల కడుపు పుండ్లకు ఒక సూక్ష్మజీవి ముఖ్యకారణమని కనుగొన్న మార్షలు, వారెను అను వైద్యులకు 2005లో నోబెలు బహుమానము వచ్చినది. గుఱ్ఱము విషయమున అట్టి సూక్ష్మజీవియే మూలమని తేలలేదు; ఆమ్లము, మేత క్రమము, మనము పెట్టు పని, ఇవియే ప్రధానమని తేలినది. ఆమ్లమును అణచు ఒమెప్రజోలు అను మందు 1999లో అమెరికాలో గుఱ్ఱములకు అనుమతింపబడినది. నాలుగు వారములు వాడినచో పై భాగపు పుండ్లు పెక్కింటికి మానును. మేత క్రమము పూర్వము వలెనే యున్నచో మఱల పుట్టును. 2009లో ప్రకటితమైన డెన్మార్కు పరిశోధన యొకటి, మేతకును మేతకును నడుమ ఆఱు గంటలు మించిన గుఱ్ఱములలోను, ఎండిన గడ్డికాడలు తప్ప వేఱు గడ్డి యెఱుగని గుఱ్ఱములలోను ఈ వ్యాధి హెచ్చుగా నున్నదని చూపినది. వరిగడ్డియే సర్వస్వమనుకొను మా వంటి సీమవారు ఈ రెండవ మాటను గమనింపవలెను.

ఈ విచారణకు నన్ను పురికొల్పినది కొత్తపేట ప్రాంతపు గృహస్థు డొకడు. ఆయన పెండ్లి ఊరేగింపులకు ఒక గుఱ్ఱమును పోషించుచున్నాడు. దానికి ఇరువది యేండ్లు దాటినవి. “దానా మునుపటికంటె ఎక్కువే వేస్తున్నానండి పంతులుగారూ, అయినా ఎండిపోతోందండి. అమ్మేద్దామంటే ఇంట్లో పిల్లలు ఒప్పుకోవట్లేదండి,” అని వాపోయెను. ఆ గుఱ్ఱము సగము దానా విడిచి పెట్టుచుండెను, పండ్లు కొఱుకుచుండెను, పొట్టపట్టీ బిగించునప్పుడు చెవులు వెనుకకు మడచి కఱవ వచ్చుచుండెను. పశువైద్యుని చూపింపుమంటిని. దర్శినీనాళము అందుబాటున లేనిచోట లక్షణములను బట్టి మందిచ్చి గుణమును పరీక్షించుట కలదు. ఆ వైద్యుడును అట్లే చేసెను. అరిగి వాడియైన దాని పండ్లను రాయించెను. గింజను తగ్గించి కొద్దికొద్దిగా పలుమాఱు పెట్టించెను. పగలును రాత్రియు నోటికి అందునట్లు గరిక, పచ్చిగడ్డి ఏర్పాటు చేయించెను. ఊరేగింపునకు ముందు ఖాళీకడుపుతో తీసికొని పోవలదనియు, బాణసంచా, బ్యాండుమేళముల దగ్గఱ నిలుపవలదనియు చెప్పెను. తోడుగా ఒక మేకను సాలలో కట్టించెను. కౌటిల్యుని సాలలోని కోతులును నెమళ్లును నాకప్పుడు స్మరణకు వచ్చినవి. రెండు నెలలకు గుఱ్ఱము కొంత ఒడలు పట్టినది. పూర్తిగా నయమైనదని చెప్పజాలను. వాన ముసురు పట్టిన దినములలో ఇప్పటికిని అప్పుడప్పుడు మేత ముట్టదు. ఆ గృహస్థు ఊరేగింపులు సగమునకు తగ్గించుకొనెను. ఆదాయమును సగమైనది. అమ్మకపు మాట మాత్రము మఱల ఎత్తలేదు.

అర్థశాస్త్రములో నేనింతవఱకు చెప్పక నిలిపిన విధి యొకటి కలదు. యుద్ధము చేతను, రోగము చేతను, ముదిమి చేతను పనికి పనికిరాకుండ పోయిన గుఱ్ఱములకు ఊరక గ్రాసము పెట్టి పోషింపవలెనని కౌటిల్యుడు శాసించెను. రాజు బొక్కసములో ప్రతి కాసునకు లెక్క వ్రాయించినవాడు, లాభము లేని చోట దమ్మిడీ విడువనివాడు, ఈ వ్యయమును మాత్రము లెక్కలో చేర్చెను. ముప్పదియేండ్లు బడిలో పాఠములు చెప్పి, నేడు పింఛను పుచ్చుకొనుచున్న నాకు ఆ విధి చదివినప్పుడెల్ల కొంత ధైర్యము కలుగుచుండును.

శ్రోతలలో గుఱ్ఱమును సాకువారు కొందఱైనను ఉందురు. ముదిసిన గుఱ్ఱము దానా విడిచినచో కొసరి మఱింత పెట్టుటకు ముందు, రాత్రి ఎనిమిది మొదలు తెల్లవాఱు వఱకు దాని యెదుట గడ్డి యున్నదో లేదో ఒకసారి పోయి చూడుడు. పిమ్మట వైద్యుని పిలువుడు.